మైకు లేని కచేరీ, శ్రుతి కలవని తరగతి

పాఠకుల ప్రశ్నలు – విద్వాంసుల జవాబులు

ఈ నెల బెజవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాలు ఎక్కువగా రెండు విషయాల మీద వచ్చాయి. ఒకటి, ఇళ్లలోనూ చిన్న హాళ్లలోనూ మైకు లేకుండా పెట్టుకునే కచేరీలు. రెండోది, కళాశాలలో, విశ్వవిద్యాలయంలో సంగీతం చెప్పే ఉద్యోగం. ఈ రెండు పనులూ చేస్తున్న విద్వాంసులే జవాబులు రాశారు.

ప్రశ్న: మా మేడ మీద హాలు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. నెలకొక ఆదివారం అక్కడ గాత్ర కచేరీ పెట్టుకుందామని నలుగురం అనుకున్నాం. పక్కవాద్యాలు వయొలిన్, మృదంగం. మైకు వద్దనుకున్నాం. ఒకసారి పెట్టి చూస్తే మృదంగం తప్ప ఏదీ తెలియలేదు, సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏం చేయాలి?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందు గదిని చూడండి, తరవాత మృదంగం సంగతి. ఖాళీ హాలు నడుమ నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు అక్కడే ఆగకుండా గోడల మధ్య టకటకమని పరిగెత్తితే, ఎదురెదురు గోడలు రెండూ నున్నగా, ఖాళీగా ఉన్నాయన్నమాట. ఈ కాలం ఇళ్లన్నీ అంతే: కింద టైల్స్, పుట్టీ పెట్టిన గోడలు, కిటికీలకు అద్దాలు. హల్లులు పుట్టీ పుట్టగానే పోయే చిన్న చప్పుళ్లు. అంతకు ముందు పలికిన అచ్చు తాలూకు మోత ఇంకా గదిలో తిరుగుతూ వాటి మీద పడుతుంది. అందుకే స్వరం వినిపిస్తుంది, మాట మాత్రం మాసిపోతుంది.

ఎదురెదురు గోడల్లో ఒకదానికి మాత్రం బట్ట కట్టండి. పల్చటి పరదా చాలదు. బొంతలో, మందపాటి జంపఖానాలో కావాలి. గోడకు అతికినట్టు కాకుండా నాలుగైదు అంగుళాలు ఎడంగా, మడతలు పడేటట్టు వేలాడదీయండి. పుస్తకాలు నిండిన అరలు ఉన్న గోడకైతే బట్ట అక్కర్లేదు. నేలంతా జంపఖానాలు పరవండి. విద్వాంసుల వెనక గోడను మాత్రం ముట్టుకోకండి, గొంతును శ్రోతల వైపు తిప్పి పంపేది అదే. ఉత్సాహం కొద్దీ నాలుగు గోడలూ కప్పేస్తే గది మొద్దుబారిపోతుంది, గాయకుడికి తన గొంతు తనకే అందక అరవడం మొదలుపెడతాడు. నలభై మంది వచ్చి కూర్చున్నాక వాళ్ల ఒళ్లూ బట్టలూ కూడా కొంత శబ్దాన్ని పీల్చుకుంటాయి. కాబట్టి ఖాళీ గదిలో కాస్త మోత మిగిలి ఉంటేనే మంచిది.

కూర్చోబెట్టడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 20 అడుగుల గోడకు వీపు పెట్టి, గోడకు రెండు మూడు అడుగుల ముందు గాయకుడిని కూర్చోబెట్టండి. ఆయన కుడి పక్క మృదంగం, ఎడమ పక్క వయొలిన్ అన్నది మామూలు పద్ధతి. అలా కూర్చుంటే మృదంగం కుడి మూత శ్రోతల వైపుకు వస్తుంది. మృదంగ విద్వాంసుడు ఎడమచేతి వాటం వాడైతే వాళ్లిద్దరూ స్థానాలు మార్చుకుంటారు. మృదంగాన్ని గది మూలకు దగ్గరగా పెట్టకండి. మూలలో ఎడమ మూత నాదం ఒకటికి రెండింతలై గుమ్మంటూ గదంతా నిండిపోతుంది. మీ హాల్లో జరిగింది చాలావరకు ఇదే అయి ఉంటుంది. మూలకు కనీసం నాలుగు అడుగుల దూరం ఉంచండి. ఇక వయొలిన్ పలక పైకి, కొంచెం వాయించేవారి కుడి వైపుకు చూస్తుంది. వయొలిన్ విద్వాంసుడు పూర్తిగా మృదంగం వైపు తిరిగి కూర్చుంటే ఆ శబ్దం వెనక గోడకు పోతుంది. సగం శ్రోతల వైపు తిరిగి కూర్చోమని అడగండి. మైకున్న సభలో ఇది పెద్దగా తెలియదు, మైకు లేని గదిలో ఆ ఒక్క మార్పుతోనే వయొలిన్ విచ్చుకుంటుంది.

లోపల డొల్లగా ఉన్న చెక్క బల్లల మీద ఎక్కించకండి, మృదంగంతో పాటు బల్ల కూడా మోగుతుంది. నేల మీద మందంగా పరిచి కూర్చోబెడితే సరిపోతుంది. మొదటి వరస ఆరు అడుగుల దూరంలో ఉండాలి. నేల మీద కూర్చునే మనిషికి ఆరేడు చదరపు అడుగులు పడుతుంది. విద్వాంసులకు, దారికి, వెనక పెద్దవాళ్ల కుర్చీలకు పోగా మీ హాల్లో 50 మంది హాయిగా పడతారు. అంతకు మించి పిలవకండి.

ఫ్యాను గురించి తప్పకుండా చెప్పాలి. గాయకుడి నెత్తి మీద ఫ్యాను తిరుగుతుంటే రెక్కలు శబ్దాన్ని కోస్తాయి. తంబురా నాదం, నిలకడ స్వరం అలల్లా వణుకుతాయి. పాడేవారి గొంతు వణుకుతోందని శ్రోతలు పొరబడతారు. ఆ ఫ్యాను ఆపేసి, మిగతావి ఒకటో రెండో నంబరులో తిప్పండి. స్టాండు ఫ్యాను పెడితే గాలి మృదంగం మూత మీదికి కొట్టకూడదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిస్తే కొన్ని ఫ్యాన్లు జుయ్‌మంటాయి, ముందే ఒకసారి మెయిన్ ఆపి విని చూసుకోండి. బీఆర్‌టీఎస్ రోడ్డు వైపు కిటికీలుంటే మూసెయ్యక తప్పదు. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో ఇది సాధ్యం కాదు, కాబట్టి ఆ రెండు నెలలూ ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నర లోపు ముగించండి. ఏసీ ఉంటే గంట ముందు వేసి గది చల్లబరచి, కచేరీ మొదలయ్యేటప్పుడు ఆపేయండి.

ఎలక్ట్రానిక్ తంబురా గాయకుడి వెనక పెట్టండి. పాట ఆగినప్పుడు శ్రోతలకు వినిపించాలి, పాడుతున్నప్పుడు వినిపించనట్టు ఉండాలి. అదే దాని కొలత. అసలు తంబురా దొరికి, జీవ దారం (తీగ కింద పెట్టే నూలు పోగు) సరిగ్గా కుదిరితే మాత్రం దాన్నే వాడండి. ఇంత చిన్న గదిలో దానికి సాటి లేదు.

కార్యక్రమం గంటా నలభై అయిదు నిమిషాలు దాటనివ్వకండి. అయిదు నిమిషాల వర్ణం, ఏడు నిమిషాల్లో ఒక కృతి, చిన్న ఆలాపన, స్వరాలతో పావుగంట పట్టే ఇంకొకటి, ఆ వెనక చురుకైన చిన్న కృతి. తరవాత ప్రధాన రాగం: గాత్రం పదిహేను, వయొలిన్ ఎనిమిది, కృతి, నెరవు, స్వరం కలిపి పాతిక, తని (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) పది నిమిషాలు. మిగిలింది పదాలకు, తుక్కడాలకు (చివర పాడే చిన్న పాటలకు). కంజీర, ఘటం రెండూ కావాలని ఆశపడకండి. 600 చదరపు అడుగుల్లో ఒక మృదంగమే నిండుగా ఉంటుంది.

ప్రశ్న: సంగీత కళాశాలలో గాత్రం చెబుతాను. నా శ్రుతి, అంటే పాటకు ఆధారమైన షడ్జం, హార్మోనియం మెట్ల లెక్కలో అయిదున్నర. తరగతిలో అమ్మాయిలు అయిదున్నరలో, అబ్బాయిలు ఒకటిన్నరలో పాడతారు. అందరినీ కలిపి మూడులో పాడిస్తే ఎవరికీ కుదరడం లేదు. సాయంత్రానికి నా గొంతు బొంగురుపోతోంది, ఆ వారం కచేరీ ఉంటే భయంగా ఉంటోంది.
– గుంటూరు

జవాబు: మూడు శ్రుతి మధ్యేమార్గంలా కనిపిస్తుంది గానీ ఇద్దరినీ చెడగొడుతుంది. అమ్మాయిలకు మంద్ర పంచమం గాలిలో కలిసిపోతుంది, అబ్బాయిలు తారస్థాయి గాంధారానికి మెడ నరాలు బిగిస్తారు. గొంతు ఇంకా కుదురుకోని వయసులో ఆ బిగింపు అలవాటైతే తరవాత వదిలించడం చాలా కష్టం.

మీ గొంతు ఎందుకు అలసిపోతోందో లెక్క చూడండి. అబ్బాయిల ఒకటిన్నర షడ్జాన్ని మీరు ఒక స్థాయి పైన అందుకుంటారు. అది మీ అయిదున్నర శ్రుతిలో శుద్ధ మధ్యమం మీద పడుతుంది. పల్లవి దాకా పరవాలేదు. అనుపల్లవిలో వాళ్లు తార షడ్జం తాకినప్పుడల్లా మీరు మీ తారస్థాయి మధ్యమంలో ఉంటారు. కచేరీలో ఎప్పుడో ఒకసారి వెళ్లి వచ్చే చోట, తరగతిలో గంటసేపు కాపురం చేస్తున్నారు. బొంగురు పోక ఏమవుతుంది?

గంట తరగతిని రెండుగా విడదీయండి. మొదటి అరగంట అయిదున్నర తంబురా: అమ్మాయిలు పాడతారు, అబ్బాయిలు తాళం వేస్తూ స్వరం రాసుకుంటారు. రెండో అరగంట ఒకటిన్నర: పనులు మారతాయి. అబ్బాయిల భాగంలో మీరు పూర్తిగా పాడకండి. సంగతిని (పాట పంక్తిని మార్చి పాడే తీరును) ఒకసారి వయొలిన్ మీదో వీణ మీదో చూపండి, లేదా మీ శ్రుతిలోనే పాడి చూపి, తంబురా మార్చి వాళ్ల చేత ఒకటిన్నరలో అనిపించండి. షడ్జం మారినా సంగతి అదేనని పట్టుకోవడం వాళ్లకు మొదట రెండు మూడు వారాలు తడబాటుగా ఉంటుంది. ఆ తరవాత స్వరజ్ఞానం దానితోనే గట్టిపడుతుంది. ఇది తాత్కాలిక సర్దుబాటు కాదు, మంచి పాఠం.

అందరూ కలిసి పాడేందుకు ఒక దారి ఉంది. నాదనామక్రియ, పున్నాగవరాళి, కురంజి, నవరోజు లాంటి రాగాలు తారస్థాయికి వెళ్లవు, మధ్యమ శ్రుతిలో, అంటే మధ్యమాన్నే షడ్జంగా పెట్టుకుని పాడతాం. అయిదున్నర వారి మధ్యమం ఎక్కడుందో పైన చూశాం: సరిగ్గా ఒకటిన్నర మీద. అంటే అమ్మాయిలు మధ్యమ శ్రుతిలో, అబ్బాయిలు తమ మామూలు పంచమ శ్రుతిలో పాడితే ఇద్దరి షడ్జమూ ఒకటే అవుతుంది, స్థాయి మాత్రమే తేడా. తంబురా కూడా ఒకటే సరిపోతుంది: అమ్మాయిల మామూలు షడ్జం అబ్బాయిలకు పంచమం. ఈ రాగాల్లోని కీర్తనలు వారానికొకటి ఉమ్మడిగా చెప్పండి. తరగతి మొత్తం ఒక్క గొంతుగా పాడటంలోని ఆనందం పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు తెలియాలి కదా.

కచేరీకి ముందు రోజు తరగతిలో సిద్ధాంతం, తాళలెక్కలు పెట్టుకోండి. నోరు మూసుకుని చేయగల పనులు సంగీత పాఠంలో చాలానే ఉన్నాయి.

ప్రశ్న: ఇంట్లో సాధన చేసేటప్పుడు నా మృదంగం రెండు శ్రుతికి సరిగ్గా ఉంటుంది. ఏసీ హాలుకు వెళ్లి అరగంట కాగానే శ్రుతి మారుతోంది. వానాకాలంలో వేరే రకంగా మారుతోంది. ఎడమ వైపు రవ్వ ఎంత పెట్టాలో కూడా చెప్పండి.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మూత తోలు గదా, తడికి సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. వానాకాలపు గాలిలో తేమకు శ్రుతి దిగుతుంది. ఏసీ గదిలో గాలి పొడిగా ఉండటం వల్ల తోలు ఆరి శ్రుతి ఎక్కుతుంది, రోహిణీ కార్తె ఎండలోనూ అంతే. హాలుకు కనీసం అరగంట ముందు చేరి, గుడ్డ సంచి విప్పి, మృదంగాన్ని ఆ గాలికి అలవాటు పడనివ్వండి. రాగానే శ్రుతి చేస్తే ఆ పని మళ్లీ చేయాల్సిందే.

కుడి మూత చుట్టూ తోలు వారు దూరే చోట్లు 16 ఉంటాయి. ముందు ఎదురెదురుగా నాలుగు చోట్ల ‘నం’ మోగించి గాయకుడి షడ్జంతో పోల్చండి. తరవాత ఎనిమిది, ఆ తరవాత పదహారు. ఎక్కడ దిగి ఉందో అక్కడ మూత అంచు తోలు అల్లిక మీద కర్రముక్క ఆనించి గుండ్రాయితో కిందికి కొట్టండి, ఎక్కుతుంది. ఎక్కువైన చోట అల్లిక కింది నుంచి పైకి తట్టండి, దిగుతుంది. కొత్తవాళ్లు ఒకే చోట అయిదారు దెబ్బలు వేసేస్తారు. అప్పుడు దాని ఎదుటి వైపు కూడా లాగబడి, ఎంత కొట్టినా పదహారూ కలవవు. ఒక దెబ్బ, ఒకసారి వినడం, ఎదుటి చోట మళ్లీ వినడం. ఈ వరస తప్పకండి.

ఒక్క మృదంగాన్ని అర శ్రుతి, మహా అయితే ఒక శ్రుతి మేర జరపవచ్చు. రెండుకు కట్టిన మృదంగాన్ని అయిదున్నరకు ఎక్కించాలని చూస్తే అల్లికో మూతో తెగుతుంది. తక్కువ శ్రుతికి 24 అంగుళాల పొడవు, స్త్రీల గాత్రానికి 22 అంగుళాలది వేరుగా ఉంచుకోవడమే పద్ధతి.

ఎడమ వైపుకు బొంబాయి రవ్వ రెండు మూడు చెంచాలు తీసుకుని, నీళ్లు కొంచెం కొంచెంగా చిలకరిస్తూ గట్టి ముద్దగా పిసకండి. మూతను తడి గుడ్డతో తుడిచి, నడుమ మూడు అంగుళాల మేర గుండ్రంగా అద్దండి. నడుమ మందం, అంచుకు పల్చన. ముద్ద పెరిగే కొద్దీ నాదం దిగుతుంది; కింది స్థాయి షడ్జం పలకగానే ఆపేయండి. పలచగా కలిపితే వాయిస్తుండగా జారుతుంది, మరీ గట్టిదైతే అంచులు లేచి చిటపటమంటుంది. మైకు లేని గదిలో గుమికీల (ఎడమ మూత మీద చేయి జార్చి పుట్టించే నాదాల) మోజుతో ముద్ద పెద్దది పెడితే ఆ గుమ్మరింపులో గాయకుడి మంద్రస్థాయి మునిగిపోతుంది. కచేరీ అవగానే రవ్వ తీసేసి తుడవండి. అశ్రద్ధ చేస్తే తెల్లారేసరికి చీమలు పడతాయి, తోలు కుళ్లుతుంది.

ప్రశ్న: ఎం.ఏ. సంగీతం 61 శాతంతో పాసయ్యాను. ఆకాశవాణిలో బీ–హై గ్రేడు ఉంది. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయాలా? కళాకారులకు వేరే దారి ఉందంటున్నారు. ఉద్యోగం వస్తే కచేరీలు మానుకోవాలా?
– మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం సంగీత, నృత్య శాఖలకు రెండు దార్లు ఉన్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే: పీజీలో 55 శాతం, దానితో పాటు నెట్ లేదా నిబంధనలకు లోబడిన పీహెచ్‌డీ. రెండోది కళాకారులకు: ఆ సబ్జెక్టులో డిగ్రీ, పేరున్న గురువు దగ్గర శిక్షణ, ఆకాశవాణి లేదా దూరదర్శన్ ‘ఏ’ గ్రేడు, విషయాన్ని తర్కబద్ధంగా వివరించగల శక్తి, సిద్ధాంతాన్ని ఉదాహరణలతో చెప్పగల పరిజ్ఞానం. మీకున్నది బీ–హై కాబట్టి రెండో దారి ఇంకా తెరుచుకోలేదు. ‘ఏ’ గ్రేడుకు ప్రయత్నిస్తూనే నెట్ రాయండి. దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ నోటిఫికేషన్‌లోని అర్హతలు అక్షరం అక్షరం చదువుకోండి.

నెట్‌లో సంగీతం సబ్జెక్టు కోడ్ 16. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండోది 100 ప్రశ్నలు, 200 మార్కులు. రెంటికీ కలిపి మూడు గంటలు, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. మన పిల్లలు తప్పే చోట్లు రెండు. ఒకటి, సంగీతమే చదివి బోధన, తర్కం, గణాంకాలు ఉండే మొదటి పేపర్‌ను వదిలేస్తారు. రెండు, హిందుస్తానీ, రవీంద్ర సంగీతం కూడా ఈ సబ్జెక్టులోనివేనని మరిచిపోతారు. థాట్లు (హిందుస్తానీ మూల స్వరక్రమాలు) పదింటినీ మన మేళాలతో జతచేసి రాసుకోండి. భైరవ్‌కు మాయామాళవగౌళ, కల్యాణ్‌కు మేచకల్యాణి, అలాగ. మీకు తెలిసిన దానికి ముడిపెడితే మరిచిపోరు.

ఇంటర్వ్యూలో డెమో పాఠం దగ్గర మంచి గాయకులు కూడా తేలిపోతారు. పావుగంట ఇస్తే పన్నెండు నిమిషాలు ఆలాపన చేసేస్తారు. అక్కడ చూసేది మీ గొంతును కాదు, ఎదుటివాడికి ఎలా అందిస్తారో. ఒక్క చిన్న విషయం ఎంచుకోండి. ఉదాహరణకు మోహన, బిలహరి. రెంటికీ ఆరోహణ ఒకటే: స రి గ ప ద స. ముందు ఆరోహణ మాత్రం పాడి ఏ రాగమో చెప్పమని అడగండి. చెప్పలేరు. తరవాత రెండు అవరోహణలూ పాడండి. మోహన వచ్చిన దారినే దిగుతుంది, బిలహరిలో కాకలి నిషాదం, శుద్ధ మధ్యమం చేరతాయి. ఒకటి హరికాంభోజి జన్యం, రెండోది ధీరశంకరాభరణ జన్యం ఎందుకయిందో బోర్డు మీద రెండు గీతల్లో చూపండి. చివర ఒక పిల్లవాడి చేత బిలహరి పట్టు ఒకటి పాడించి తప్పు దిద్దండి. ఆ దిద్దడమే మీకు మార్కులు తెస్తుంది.

కచేరీలు మానుకోనక్కర్లేదు. మన దగ్గర ఆ సంప్రదాయమే లేదు. 1919లో విజయనగరంలో మొదలైన సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, 1936 నుంచి ద్వారం వెంకటస్వామినాయుడు గారు. బెజవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. అందరూ వేదిక మీద ఉంటూనే పాఠం చెప్పినవారు. అయితే గంటలు లెక్క వేసుకోండి: యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. సొంత సాధన తెల్లవారుజామున, తరగతికి ముందే అయిపోవాలి. తరగతి తరవాత చేద్దామనుకున్నవారి సాధన నెలలో ఆగిపోతుంది. బయట కచేరీకి సంస్థ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట సరిపోదు.

ప్రశ్న: నూజివీడు నుంచి కొత్త వీణ తెచ్చుకున్నాం. మే నెలలో కారులో ఉంచి పెళ్లి భోజనానికి వెళ్లొచ్చేసరికి మెట్లు పక్కకు జరిగాయి. ఇంట్లో సరిచేసుకోవచ్చా?
– పటమట, విజయవాడ

జవాబు: వద్దు, మేళం కట్టడం (మైనం మీద మెట్లు అమర్చడం) తెలిసినవారి దగ్గరకే తీసుకెళ్లండి. 24 మెట్లూ నిలబడేది తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన పట్టీ మీద. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. ఎండలో అద్దాలు మూసిన కారు లోపల వేడి ఆ హద్దుకు సులభంగా చేరుతుంది. తీగల బిగువుకు మెత్తబడ్డ మైనంలో మెట్టు దిగుతుంది, వంగుతుంది. చేత్తో వెనక్కి నెడితే పైకి సరిపోయినట్టే ఉంటుంది, కానీ కింద మైనం పగిలి మెట్టు గిలగిలమంటుంది.

ఎంత చెడిందో మాత్రం మీరే చూసుకోవచ్చు. సారణి తీగను షడ్జానికి శ్రుతి చేసి పన్నెండో మెట్టు మీద మీటండి. తార షడ్జం రావాలి. ఏడో మెట్టు మీద పంచమం రావాలి. ఈ రెండూ సరిగ్గా ఉండి మధ్యలో ఒకటి రెండు మాత్రమే తేడాగా ఉంటే చిన్న మరమ్మతు. పన్నెండోదే తప్పితే మేళం మొత్తం మళ్లీ కట్టాలి. తీసుకెళ్లేదాకా తీగలు ఒక శ్రుతి మేర వదులు చేసి, నీడపట్టున పడుకోబెట్టండి. పూర్తిగా విప్పేయకండి, గుర్రం (తీగలను మోసే దిమ్మ) కదులుతుంది.

చిన్న గదిలో, మైకు లేకుండా, పది పన్నెండు అడుగుల లోపు కూర్చుని వినాల్సిన వాద్యం వీణే. పికప్ తగిలిస్తే మీటు పెద్దదవుతుంది గానీ, మీటు తరవాత ఊపిరిలా సాగే గమకం పలుచబడుతుంది. ఇంట్లో కచేరీ పెట్టేవారు మూడు నెలలకొకసారైనా వీణకు అవకాశం ఇవ్వాలి.

ప్రశ్న: మా అబ్బాయి పాశ్చాత్య వయొలిన్ గ్రేడు పరీక్షలు రాస్తున్నాడు. స్నేహితులతో స్ట్రింగ్ క్వార్టెట్ మొదలుపెట్టాలంటున్నాడు. కండక్టర్ లేకుండా నలుగురు ఎలా కలుస్తారు? అదే వయొలిన్ మీద కర్ణాటకం కూడా నేర్చుకోవచ్చా?
– లబ్బీపేట, విజయవాడ

జవాబు: క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో. కలిసేది ఊపిరితో. మొదలుపెట్టేవారు, ఎక్కువగా మొదటి వయొలిన్, ఏ వేగంలో వాయించబోతున్నారో అదే వేగంలో ఒక మాత్ర ముందు ముక్కుతో గాలి పీల్చి కమాను లేపుతారు. మిగతా ముగ్గురూ ఆ కదలికను చూసి దిగుతారు. అందుకే అర్ధచంద్రాకారంలో, ఒకరి కమాను ఒకరికి కనిపించేలా కూర్చుంటారు. కాగితం మీదే కళ్లు పెట్టుకుంటే రెండో పంక్తికే విడిపోతారు. సాధనలో ముందు చెల్లో ఒక్కటి, దానిపై వియోలా, ఆ తరవాత రెండో వయొలిన్, చివర మొదటిది, ఇలా కింది నుంచి కట్టుకుంటూ రండి. శ్రుతి తప్పు ఎవరిదో వెంటనే బయటపడుతుంది. హేడన్ రాసిన 68 క్వార్టెట్లలో తొలినాటివి నేర్చుకునేవారికి అనువైనవి. వియోలా, చెల్లో వాయించేవారు మన దగ్గర తక్కువ, కాబట్టి ముందు ఇద్దరు వయొలిన్ల డ్యూయెట్లతో ఆరు నెలలు గడిపినా నష్టం లేదు.

విశ్వవిద్యాలయాలు ఇలాంటి బృందాలను పోషించడం కొత్త కాదు. బెల్జియంకు చెందిన ప్రో ఆర్తె క్వార్టెట్ 1940లో అమెరికాలోని మాడిసన్‌లో ఉండగా వాళ్ల దేశం మీద జర్మనీ దండెత్తింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లను అక్కడే ఉంచుకుంది. మన సంగీతానికి కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో వేణువు విశ్వనాథన్, మృదంగం రంగనాథన్ అన్నదమ్ములు అలాంటి చోటు కల్పించారు.

ఒకే వయొలిన్ మీద రెండూ వద్దు. పాశ్చాత్య శ్రుతిలో తీగలు జి, డి, ఏ, ఈ. మనకు స, ప, స, ప. వారానికి రెండుసార్లు అటూ ఇటూ మారిస్తే సన్న తీగ తెగుతుంది, గుర్రం ముందుకు వంగుతుంది, తీగలన్నీ ఒకేసారి వదిలితే లోపల నిలబెట్టిన చిన్న కర్ర (సౌండ్ పోస్ట్) పడిపోతుంది. కర్ణాటకానికి మామూలు వయొలిన్ ఒకటి విడిగా కొనండి. చేతిలో పట్టు కూడా వేరు: అక్కడ నిలబడి లేదా కుర్చీలో, ఇక్కడ నేల మీద, వయొలిన్ తలను కుడి కాలి మడమ దగ్గర ఆనించి. కూర్చునే తీరు రెండు మూడు నెలల్లో అలవడుతుంది. అప్పటిదాకా రెంటినీ ఒకే రోజు సాధన చేయించకండి.

ప్రశ్న: మైకు లేకపోతే నా గొంతు పది అడుగులు దాటదు. గట్టిగా పాడితే శ్రుతి ఎక్కుతోంది.
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: గట్టిగా పాడకండి, నోరు తెరిచి పాడండి. మైకుకు అలవాటుపడ్డవారు పెదవులు కదిలీ కదలకుండా పాడతారు, దాంతో ‘ఆ’కారం గొంతులోనే ఆగిపోతుంది. ఉదయం అరగంట మంద్రస్థాయిలో అకార సాధకం చేయండి, తార షడ్జం జోలికి వెళ్లకుండా. తరవాత ఫోన్‌ను 5, 15, 25 అడుగుల దూరాల్లో పెట్టి ఒకే పల్లవి మూడుసార్లు రికార్డు చేసి వినండి. 25 అడుగుల రికార్డింగులో హల్లులు తెలిస్తే మీ గొంతు సరిపోతుంది. తెలియకపోతే శబ్దం పెంచకుండా, ఆ హల్లుల మీద నాలుకను ఇంకాస్త స్పష్టంగా ఆడించి మళ్లీ రికార్డు చేయండి.